అబ్బాయి చీటీ

మగపెళ్లివారు వెళ్లారు. కప్పులు కడిగి బోర్లిస్తున్నాను. నాది వేరే అరలో పెట్టాలి. అత్తగారి శాసనం, ఇరవై మూడేళ్లుగా నడుస్తోంది. తన కొడుకు కప్పు మటుకు అందరి కప్పులతోనే ఉంటుంది, జబ్బు నాకు అంటించింది ఆయనే అయినా.

కడుపుతో ఉన్నప్పుడు ఆసుపత్రిలో రక్తం తీసి హెచ్‌ఐవి ఉందన్నారు. ముందు బయటపడింది నాకు కాబట్టి తెచ్చింది కూడా నేనేనని ఇంట్లో తేల్చేశారు. మందులు వాడాను, పుట్టిన పిల్లకు రాలేదు. పెళ్లికి ఏడాది ముందే ఆయనకు తెలుసునని, ఆ కాగితం పొయ్యిలో పెట్టింది అత్తగారేనని చాలా ఏళ్లకు ఆవిడ నోటనే విన్నాను. "పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయనుకున్నాం" అన్నారు, అదేదో జలుబైనట్టు. మా నాన్న ఒక్కమాట అడిగి ఉంటే? ఆడపిల్ల తండ్రి అలాంటివి అడిగితే ఏమనుకుంటారోనని ఊరుకున్నాడు. అందరికన్నా నాన్న మీదే నాకు కోపం. మనిషి పోయినా తగ్గలేదు.

మా ఊళ్లో పెళ్లి కుదిరితే నర్సమ్మ రక్తపరీక్షకు రెండు చీటీలు రాసిస్తుంది. అమ్మాయి చీటీ ఆసుపత్రికి వెళ్తుంది. అబ్బాయిది క్యాలెండరు వెనక్కి వెళ్తుంది. ఇవాళ కూడా కాబోయే వియ్యపురాలు మా అమ్మాయికి ఏ జబ్బూ లేదన్న కాగితం రెండుసార్లు చదివి, మడిచి సంచిలో పెట్టుకుంది. మరి అబ్బాయిదో అని నేను నోరు తెరిచేలోపు మా ఆయన "ఇంకాస్త టీ పట్రా" అని వంటింట్లోకి తోలారు.

వాళ్లు గుమ్మం దాటగానే, "నువ్వేం అడక్కు. మనం అడిగితే వాళ్లు మన సంగతీ ఆరా తీస్తారు" అన్నారు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునే మనిషి. కానీ ఆ భయం నాకూ ఉంది. బడిలో పిల్లలకు వడ్డించే పని నాది. తెలిస్తే మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారు. సంబంధం పోతుంది, పిల్ల పేరు ఊరి నోట్లో పడుతుంది. ఇంట్లో నలుగురం ఉన్నాం, ఈ గుబులు చెప్పుకోవడానికి నాకు ఒక్కరు లేరు.

అందుకే నిన్న అమ్మాయికే అంతా చెప్పాను, అబ్బాయి కాగితం అడగాలనుందని కూడా. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. చాలాసేపు నా వైపు చూడలేదు. చివరికి, "అడుగమ్మా, ఏమైతే అదవుతుంది" అని లేచి వెళ్లిపోయింది. దగ్గరికి వస్తుందేమోనని కాసేపు అక్కడే కూర్చున్నాను.

చేతులు తుడుచుకుని ఫోన్ తీశాను. మా ఆయన పేపరు దించి చూశారు. అవతల వియ్యపురాలు నవ్వింది.

"మావాడికి పరీక్షేంటి వదినగారూ? మాది పరువుగల ఇల్లు."

"మాదీ పరువుగల ఇల్లే వదినగారూ. అందుకే నా పెళ్లప్పుడు మావాళ్లూ అడగలేదు. ఇరవై మూడేళ్లుగా హెచ్‌ఐవికి మందులు మింగుతున్నాను."