మడమ దగ్గర దారపు కొస

"ఇదెవరికి, ఏనుక్కా?" అని మా ఆయన అడగడం ఇది నాలుగోసారి. నాలుగుసార్లూ నేను అదే జవాబు చెప్పాను. ఈ ఊలు చెప్పుల్ని కావాలనే పెద్దగా, వదులుగా అల్లుతాను. తర్వాత వేడినీళ్లలో సబ్బు వేసి రుద్దితే మూడోవంతు కుంచించుకుపోయి, కుట్లన్నీ కలిసిపోయి, మందంగా గట్టిపడతాయి. ఆయనకి చెప్పడమంటే చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. ఏ చొక్కా ఏ సబ్బుతో ఉతికితే రంగు వెలుస్తుందో మాత్రం ఆయనకు బాగా తెలుసు, ఉతికేది నేనైనా.

ఇవాళ నాకు నవ్వులాటగా లేదు. ఊలు కొట్టు నడిపే ఆవిడ, "బుధవారం నాలుగింటికి కొత్త జత చేసి పట్రా. పని నచ్చితే వారానికి మూడు రోజులు వచ్చి మావాళ్లకి నేర్పుదువుగాని. నాలుగు దాటితే ఇంకొకామెకి మాటిచ్చేస్తాను" అంది. పెళ్లయిన పద్నాలుగేళ్లలో నా చేతిపని చూసి ఫలానా టైముకి రమ్మని ఎవరూ పిలవలేదు. ఇవాళే ఆ బుధవారం, అందుకే పొద్దున్నే ఇంట్లో అందరికీ చెప్పాను.

మధ్యాహ్నం ఒక చెప్పు టబ్బులో నానబెట్టి, రెండోది హాల్లో కుర్చీ మీద పెట్టాను. అంతలో మా ఆయన స్నేహితుడు భోజనానికి వచ్చాడు. కంచాలు సర్ది కూర గిన్నె తెస్తుంటే హాల్లోంచి నవ్వులు. మా ఆయన ఆ చెప్పుని బూటు మీదే తొడుక్కుని అటూ ఇటూ నడిచి, విప్పేసి, కొస దొరకబుచ్చుకుని లాగుతున్నారు. "చూడు, సర్రున ఎలా వస్తోందో!" నేను వెళ్లేసరికి మడమ మాత్రం మిగిలింది. మిగతాదంతా నేలమీద వంకర్లు తిరిగిన ఊలు.

"ఏంటండీ ఇది!"

"సైజు తప్పావని విప్పానే. ఊలెక్కడికీ పోలేదుగా, మళ్లీ అల్లుకో. నీకూ పొద్దుపోవాలిగా."

అత్తగారు కంచం ముందునుంచి కదలకుండానే, "వాడేదో సరదాకి చేశాడమ్మాయ్. ఇప్పుడేం కొంప మునిగిందని? వచ్చినాయనకి వడ్డించు ముందు" అన్నారు.

పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం. ఇలాంటప్పుడు ప్రతిసారీ నాకు ఏడుపొచ్చేది. వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి ఏడ్చేదాన్ని, కుళాయి చప్పుడు కూడా వాళ్లకి ఇబ్బందేమో అని సన్నగా తిప్పేదాన్ని. ఇవాళ ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. గిన్నె బల్ల మీద పెట్టి స్నానాలగదిలోకి వెళ్లాను. టబ్బులో నానుతున్న చెప్పు మీద వేడివేడి నీళ్లు పోసి రుద్దడం మొదలుపెట్టాను. మధ్యలో వదిలేస్తే ఒకవైపు కుంచించుకుని రెండోవైపు వేలాడుతుంది. "మంచినీళ్లేవి?" అని పిలిచారు. "పెరుగెక్కడ పెట్టావ్?" అని అరిచారు. వేళ్లు ఎర్రగా కందిపోయాయి. చేతులు తియ్యలేదు. చివర్లో ఆకారం కోసం తడిదాన్నే నా కాలికి తొడిగాను. అతికినట్టు సరిపోయింది.

బయటికొచ్చేసరికి మూడుంబావు. స్నేహితుడు తనే లేచి నీళ్లు పోసుకుంటున్నాడు. మా ఆయన నవ్వుతూ నా చేతిలోది లాక్కుని, "అలిగావా? దీన్నీ చూద్దాం" అని మడమ దగ్గర నేనింకా కత్తిరించని దారపు కొస పట్టుకున్నారు.

"లాగండి" అన్నాను.

లాగారు. ఒక్క కుట్టు కూడా ఊడలేదు.

"గట్టిగా లాగండి."

వేలికి చుట్టుకుని మరీ లాగారు. వేలు తెల్లబడింది. స్నేహితుడు తలొంచుకుని కంచంలోకి చూస్తున్నాడు. నేను కత్తెర తెచ్చి, ఆయన వేలికీ చెప్పుకీ మధ్య ఆ కొస కత్తిరించి, చెప్పుని తువ్వాల్లో చుట్టాను. నేలమీది ఊలంతా ఏరి, సూదులతో పాటు సంచిలో వేసుకున్నాను.

"జతలో ఒకటేగా ఉంది, ఏం చూపిస్తావ్?" అన్నారు అత్తగారు.

"రెండోది అక్కడే కూర్చుని, ఆవిడ చూస్తుండగా అల్లుతాను."

ఆవిడ ఒప్పుకుంటుందో లేదో నాకూ తెలియదు. గుమ్మంలో నా చెప్పులేసుకుంటుంటే వెనకనుంచి మా ఆయన, "మరి మా టీ?" అన్నారు.

"వారానికి మూడు రోజులు మీరే పెట్టుకోవాలి. ఇవాళ్టినుంచే అలవాటు చేసుకోండి" అని తలుపు దగ్గరికి లాగాను.