ఒడి కాయలు కూలి కాదు

మార్గిటమ్మ మా ఇంట్లో దిగిన రోజే ఫారం-సి పంపించాం. విదేశీయులు లాడ్జీలో దిగినా, మనలాంటి వాళ్ల ఇంట్లో దిగినా ఇరవై నాలుగు గంటల్లోగా పోలీసులకు ఆన్‌లైన్‌లో తెలపాలి. మా అమ్మాయి జెస్సీ ఫోన్‌లోనే పాస్‌పోర్టు, వీసా ఫొటోలు ఎక్కించింది. టూరిస్టు వీసా మీద ఆర్నెల్లు దాటనివ్వరని తిరుగు టిక్కెట్టు కూడా ముందే తీయించాను. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత ఊళ్లో అందరూ రెబ్కాకి రూల్సు తెలియవన్నారు. నాకు రూల్సు శుభ్రంగా తెలుసు. నన్ను బెదిరించి సంతకం పెట్టించుకోవచ్చని ఏ రూల్లోనూ లేదని కూడా తెలుసు.

మార్గిటమ్మ వాళ్లమ్మ డెన్మార్క్ నుంచి వచ్చి మా మిషను ఆసుపత్రిలో నర్సుగా చేసింది. నేను పుట్టింది ఆవిడ చేతుల మీదే. ఆవిడ ఇక్కడే పోయింది, మా సమాధుల తోటలోనే ఉంది. మార్గిటమ్మ పదేళ్లు వచ్చేదాకా మా వీధుల్లోనే ఆడుకుంది కాబట్టి తెలుగు మనలాగే మాట్లాడుతుంది, కోపమొస్తే మనకంటే బాగా మాట్లాడుతుంది. ఏటా చలికాలంలో వస్తుంది. ఈస్టర్ నాడు తెల్లవారకముందే తల్లి సమాధి మీద కొవ్వొత్తి వెలిగించి, ఆ వారంలో విమానం ఎక్కుతుంది. అరవై దాటిన మనిషికి ఈ భూమ్మీద అంతకంటే పెద్ద పని లేదు.

నేను మిరప కోతల ముఠాకి మేస్త్రిని. ఇంట్లో ఒక్కతే కూర్చుని విసుగొచ్చి, ఈ ఏడు మార్గిటమ్మ నా వెనకే చేలోకి వచ్చింది. వద్దంటే వినకుండా నా సాలులోనే దిగి కోసింది. చేతులు మండిపోయి ఆ సాయంత్రమంతా మజ్జిగలో పెట్టుకుని కూర్చుంది. నవ్వి నవ్వి మా కడుపులు నొచ్చాయి. కూలి ఆమె అడగలేదు, నేను లెక్కలో వెయ్యలేదు.

ఆ చేను వెంకటరావమ్మ గారిది. ఆఖరి కోత నాడు చేలో కనబడ్డ మనిషిని ఒట్టి చేతులతో పంపడం ఆవిడ వంశంలో లేదు. కోసినవాళ్లకి కూలి వేరే ఇస్తుంది. అది కాక ప్రతి ఒక్కరి ఒడిలో పండు మిరపకాయలు పోస్తుంది, పచ్చడి పెట్టుకోమని. ట్రాక్టరు డ్రైవరుకీ పోస్తుంది, గట్టు మీద గొర్రెలు తోలుకుపోయే అతనికీ పోస్తుంది. వద్దంటే ఏడాదంతా మాట్లాడదు. ఆ రోజు మార్గిటమ్మ కూడా చున్నీ పట్టింది, ఆవిడ నిండుగా పోసింది.

వెంకటరావమ్మ గారి కొడుకు వీరబాబు అది వీడియో తీశాడు. తీసినవాడు ఊరుకున్నాడా? కింద ‘మా చేలో ఫారిన్ కూలీ’ అని రాసి అందరికీ పంపాడు. నలభై ఏళ్ల మనిషికి ఆ గొప్ప ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మర్నాడు మేమంతా కల్లంలో కాయలు ఎండబోస్తుంటే కానిస్టేబుల్ కోటేష్ బండి మీద వచ్చాడు. ఎవరో ఫిర్యాదు చేశారట. టూరిస్టు వీసా మీద వచ్చినవాళ్లు పని చేసి ప్రతిఫలం తీసుకోకూడదని, రుజువైతే వీసా రద్దు చేసి పంపేస్తారని, మళ్లీ ఈ దేశంలో అడుగుపెట్టనివ్వరని చెప్పాడు. వీరబాబు గబగబా ఆ వీడియోని ఫోన్‌లోంచి తీసేశాడు, కానీ అప్పటికే అది స్టేషన్‌కి చేరింది. మార్గిటమ్మ వచ్చి నా కొంగు పట్టుకుంది.

“ఇక అమ్మ దగ్గరికి రానివ్వరా, రెబ్కా?” అంది.

నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆమె ఆ కాయలు తిరిగి ఇచ్చేస్తానంది. చెయ్యి పట్టుకుని ఆపాను. తిరిగిస్తే కూలి తీసుకున్నట్టు మనమే ఒప్పుకున్నట్టని చెప్పాను. ఇద్దరం స్టేషన్‌కి బయల్దేరాం. కోటేష్ బండి తీయబోతుంటే వెంకటరావమ్మ గారు అడ్డం వచ్చి, కల్లం నుంచి ఒట్టిగా ఎలా వెళతావని అతని హెల్మెట్ లాక్కుని దాన్నిండా కాయలు పోసింది. అతను వద్దు వద్దంటూనే హ్యాండిల్‌కి తగిలించుకున్నాడు.

ఎస్సై కుర్రాడే, మర్యాదగానే మాట్లాడాడు. డబ్బే ఇవ్వక్కర్లేదని, పని చేయించుకుని వస్తువు ఇచ్చినా కూలి కిందికే వస్తుందని వివరంగా చెప్పాడు. ఈమె నా ముఠా మనిషేనని మేస్త్రిగా నేనొక కాగితం మీద సంతకం పెడితే చాలన్నాడు. పెడితే నా మీదికి ఏమీ రాదని కూడా అన్నాడు. ఆ ఆఖరి మాట నాకు కారం రాసినట్టయింది.

“ఆమె నా ముఠాలో లేదు సార్. నేను పెట్టను” అన్నాను.

“చేలో కోసిందా లేదా?”

“కోసింది. ఇంటికొచ్చిన మనిషి ఊరికే కూర్చోలేక నాతోపాటు చెయ్యి వేసింది. మీరు అత్తగారింటికెళ్లి నాలుగు వంకాయలు తరిగితే కూలికెళ్లినట్టా?”

“మరి కాయలెందుకు పోశారమ్మా?”

గుమ్మంలోంచి బయటకి చూపించాను. కోటేష్ బండి ఎదురుగానే ఉంది, హెల్మెట్‌లో కాయలు ఎర్రగా మెరుస్తున్నాయి.

“మీ కానిస్టేబుల్ గారు ఆ కల్లంలో ఏం పని చేశారని పోశారో ముందు అది రాయండి సార్. ఈమె కూలీ అయితే ఆయనా వెంకటరావమ్మ గారి కూలీయే. ఇద్దరి పేర్లూ ఒకే కాగితం మీద రాయండి. అప్పుడు సంతకం పెడతాను.”

ఎస్సై లేచి వెళ్లి హెల్మెట్‌లోకి చూశాడు. ఇదేంటని కోటేష్‌ని అడిగాడు. కోటేష్ తల దించుకుని, “ఆఖరి కోతప్పుడు ఎవర్నీ ఒట్టిగా పంపరు సార్. వద్దన్నా వినలేదు” అన్నాడు.

“అదే రాసుకోండి” అన్నాను.

ఎస్సై లోపలికొచ్చి కాగితం ముందుకు లాక్కున్నాడు. చివరికి అదే రాశాడు. కూలి కాదని, ఆనవాయితీగా చేలో ఉన్న అందరికీ ఇచ్చేదేనని రాసి చదివి వినిపించాక సంతకం పెట్టాను. ఇకమీదట చేలో దిగి ఒక్క కాయ కూడా కోయొద్దని మార్గిటమ్మకి గట్టిగా చెప్పాడు. ఆమె బుద్ధిగా తలూపింది. అంతవరకూ న్యాయమే, నేనూ ఒప్పుకున్నాను.

ఆ ఈస్టర్‌కి ఆమె తల్లి దగ్గర కొవ్వొత్తి వెలిగించింది. గాలికి రెండుసార్లు ఆరిపోతే నా కొంగు అడ్డం పెట్టాను. వెళ్లేటప్పుడు పండుమిరప పచ్చడి సీసా పెట్టెలో సర్దుకుంది.

వచ్చే చలికాలం మళ్లీ వస్తుంది. దిగిన రోజే ఫారం-సి పంపిస్తాం. ఆమెని సాలులో దిగనివ్వను, గట్టు మీదే నిలబెడతాను. ఆఖరి కోత నాడు వెంకటరావమ్మ గారు ఆమె ఒడి నింపాల్సిందే. వీడియో తీయమని వీరబాబుకి నేనే చెబుతాను, కింద ఏం రాయాలో కూడా నేనే చెబుతాను.