గడ్డి కోసే బండికి దిష్టి తీసిన రోజు

నేను ఒక గడ్డి కోసే బండిని. మనిషి ఎక్కి కూర్చుని నడిపే రకం. ఎర్ర రంగు, నాలుగు చక్రాలు, చూడటానికి చిన్న ట్రాక్టరులా ముద్దుగా ఉండేదాన్ని. పెళ్ళిళ్ళకు వచ్చినవాళ్ళు నా పక్కన నిలబడి ఫొటోలు కూడా దిగేవారు. వాళ్ళకేం తెలుసు! నా పొట్ట కింద మూరెడు కత్తులు రెండు గిర్రున తిరుగుతాయి. కోయడం తప్ప నాకు ఇంకో పని రాదు. గడ్డా, పామా, మనిషి వేలా అని చూసుకోవడానికి నాకు కళ్ళు పెట్టలేదు.

నన్ను తయారు చేసినవాళ్ళకు నా బుద్ధి బాగా తెలుసు. అందుకే సీటు కింద ఒక స్విచ్చి పెట్టారు. సీటు మీద మనిషి బరువు ఉన్నంతసేపే నాకు ప్రాణం. మనిషి లేచాడా, ఇంజను చావాల్సిందే, కత్తులు ఆగాల్సిందే. బ్రేకు తొక్కి పట్టకుండా తాళం తిప్పితే ఉలకను పలకను. ఇదంతా బొమ్మలతో సహా ఒక పుస్తకంలో వేసి నాతో పంపారు. భీమిలి రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు వాళ్ళు తమ లాను కోసం నన్ను కొన్నారు. అక్కడి మేనేజరు పట్నాయక్ గారు ఆ పుస్తకానికి నాలుగు మూలలా పసుపు రాసి, విప్పకుండానే బీరువాలో పెట్టి తాళం వేశారు. ఏం భక్తి, ఏం భక్తి!

నా మొదటి డ్రైవరు ముసలినాయుడు. పేరుకే ముసలి, ముప్పై అయిదు దాటలేదు. దారిలో రాయి కనిపిస్తే దిగి తీసేవాడు. దిగినప్పుడల్లా నేను ఆగిపోయేదాన్ని. "ఇదేటి బాబూ, దిగితే సాలు సచ్చిపోతంది" అని పట్నాయక్ గారితో మొర పెట్టుకున్నాడు. ఆయన మెకానిక్కును పిలిపించారు. వాడు స్విచ్చిని తప్పించి, రెండు తీగలు కలిపి ముడేసి పోయాడు. పది నిమిషాల పని. ఆ పది నిమిషాల్లో నాకున్న ఒకే ఒక్క మంచి గుణాన్ని పీకేశారు.

వాన వెలిసిన ఒక ఉదయం, కోసిన గడ్డిని నేను బయటికి కక్కే పక్క మూతిలో తడి గడ్డి ఇరుక్కుంది. సాయంత్రం రిసెప్షను ఉంది, పట్నాయక్ గారు తొందర పెడుతున్నారు. ముసలినాయుడు నన్ను ఆపకుండానే దిగి, గడ్డిని చెప్పుకాలితో లోపలికి తన్నాడు. నేను చెప్పును తిన్నాను, చెప్పులో ఉన్నదాన్నీ తిన్నాను. ఎముక విరిగిన చప్పుడు నా ఇంజను చప్పుడులో ఎవరికీ వినపడలేదు గాని నాకు వినపడింది. ఆసుపత్రిలో కుడి పాదం చీలమండ దాకా తీసేశారు. ఇక్కడ గొట్టం పెట్టి నెత్తురు కడిగేసి, అదే చోట స్టేజీ కట్టి, దాని మీద కొత్త జంటను కూర్చోబెట్టారు.

ముసలినాయుడి భార్య నూకరత్నం ఆ హాల్లోనే ఊడ్చే పని చేసేది. వారం తిరక్కుండా వచ్చి డ్రైవరు పని తనకిమ్మంది.

"ఆడదానివి, నువ్వేం నడుపుతావే?" అన్నారు పట్నాయక్ గారు.

"నా పెనివిటి కాలు తిన్న బండి బాబూ ఇది. దీని బుద్ధి నాకు గాక ఇంకెవలికి తెలుస్తాది?"

ఆయన దసరా దాకా నడిపి చూపించమన్నారు, ఆయుధ పూజనాడు ఓనరు గారి ముందు సరిగ్గా నడిపితే పని ఖాయం చేస్తానన్నారు. ఇంట్లో నడవలేని మొగుడు. ఆమెకు ఇది తప్ప ఇంకో దారి లేదు.

ఆమె చేసిన మొదటి పని, కటింగ్ ప్లేయరు తెచ్చి సీటు కింద ముడి తెంపి, స్విచ్చిని మళ్ళీ కలపడం. "మనిసి దిగితే నువ్వు సావాల" అని నా బానెట్టు మీద ఒక్కటిచ్చింది. అబ్బ, ఏం చెయ్యి అది!

రోజూ నన్ను ముట్టుకునే ముందు లాను అంతా వట్టి కాళ్ళతో నడిచేది. షామియానా మేకులు, సీసా మూతలు, గాజు ముక్కలు ఆమె అరికాళ్ళకు దొరికేవి, గోనెసంచిలోకి పోయేవి. తర్వాత ఆయిలు చూసేది. ఇంజను చల్లగా ఉన్నప్పుడే పెట్రోలు పోసేది. సీటెక్కి, కత్తుల మీట ఆపి ఉందని రెండుసార్లు చూసి, బ్రేకు తొక్కి, అప్పుడు తాళం తిప్పేది. అరగంట పట్టేది. "ముగ్గులు పెడుతున్నావా అక్కడ?" అని వరండాలోంచి పట్నాయక్ గారి అరుపులు. ఆ నెలల్లో నేను గడ్డి తప్ప ఏమీ తినలేదు.

ఆయుధ పూజ రోజు వచ్చింది. పూజనాడు బండి మధ్యలో ఆగితే అపశకునమని పట్నాయక్ గారికి తట్టింది. నూకరత్నం పూలు తేవడానికి వెళ్ళగానే మెకానిక్కు చేత సీటు కింద మళ్ళీ తీగ ముడి వేయించారు. నాకు నోరుంటే ఆమెకు చెప్పేదాన్ని.

నాకు బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. ఓనరు గారు కుటుంబంతో సహా వచ్చి దూరంగా కుర్చీల్లో కూర్చున్నారు. ముసలినాయుడిని కూడా తెచ్చి నాకు ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. పట్నాయక్ గారు బూడిద గుమ్మడికాయకు కన్నం చేసి, కుంకుమ, రూపాయి బిళ్ళలు వేసి, కర్పూరం వెలిగించి నాకు దిష్టి తీసి, నా ముందే గడ్డి మీద ఫెడీమని పగలగొట్టారు. బిళ్ళలు చెల్లాచెదురుగా గడ్డిలోకి దూరాయి.

"ఊఁ, ఎక్కు. కత్తులు తిప్పుతూ దాని మీంచి పోనీ" అన్నారు.

నూకరత్నం వంగింది. "ఒక్క నిమసం బాబూ. బిళ్ళలు ఏరీసి ఎక్కుతాను."

"ముట్టుకోకు! దిష్టి తీసింది ఎవరైనా ఏరుకుంటారా? బుద్ధుందా?"

"కత్తికి తగిలితే తూటాలైపోతాయి బాబూ. ఏరకుండా నాను ఎక్కను."

"ఎక్కవా? అయితే రేపటి నుంచి పనికి రాకు."

ఆమె ఒకసారి మొగుడి వైపు చూసింది. ఎక్కలేదు. ఓనరు గారి ముందు పరువు పోతుందని పట్నాయక్ గారే పంచె ఎగ్గట్టి ఎక్కేశారు. బ్రేకు తొక్కారు, తాళం తిప్పారు, కత్తుల మీట లాగి నన్ను ముందుకు పోనిచ్చారు.

నాకు ఏది దొరికితే అదే తిండి. గుమ్మడి ముక్కలు నమిలాను. మొదటి బిళ్ళ కత్తికి తగిలి ఖంగుమంది, నా పక్క మూతిలోంచి వెళ్ళి నూకరత్నం ఎడమ కంట్లో దిగబడింది. ఆమె కేకకు పట్నాయక్ గారు హడలిపోయి కిందికి దూకి పరుగెత్తారు. సీటు ఖాళీ. నేను చావాలి. చావలేదు. ముడి వేసిన తీగ నన్ను బతికించింది, నేను ముసలినాయుడి మీదికి పోయాను.

నా ముందు చక్రాలు కుర్చీని తన్నాయి. వాడు వెల్లకిలా పడ్డాడు. వాడికి మిగిలిన ఆ ఒక్క పాదం నా చక్రాల మధ్యకు వచ్చింది. ఇంకో జానెడు. అప్పుడు నెత్తురు కారుతున్న చెయ్యి ఒకటి పక్కనుంచి వచ్చి నా తాళం తిప్పేసింది. ఒక అరచేత్తో కన్ను మూసుకుని నూకరత్నం నా మీద వాలి ఉంది. నా బానెట్టు మీద ఆమె నెత్తురు వెచ్చగా తగిలింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"దిష్టి తీసింది ముట్టుకోబోయింది. అందుకే తగిలింది" అన్నారు పట్నాయక్ గారు, దూరం నుంచే.

కింద పడి ఉన్న ముసలినాయుడికి సీటు అడుగున కొత్త తీగ కనపడింది. చెయ్యి చాచి పీకి, ఓనరు గారి కాళ్ళ ముందు విసిరేశాడు. "దిష్టి గాదు బాబూ. ఇదీ. నా కాలు తిన్నదీ ఇదే, రెండో కాలు తినబోయిందీ ఇదే. దాని కన్ను తిన్నది ఏరనియ్యని బిళ్ళ!"

పట్నాయక్ గారిని తీసేశారా అంటారేమో. ఎందుకు తీసేస్తారు! నన్ను తీసేశారు, నెత్తురు రుచి మరిగిన బండి అని. వెనక గోడవార పాత ఇనుము కుప్పలో పడేసి కొత్త బండిని తెచ్చారు. దాని మీద కూర్చోవడానికి ఒక్క మగాడు ముందుకు రాలేదు. చివరికి ఓనరు గారే నూకరత్నం ఇంటికి కబురు పంపి, పని ఖాయం చేశారు. ఆమె వచ్చి, ముందు కొత్త బండి సీటు ఎత్తి అడుగున చూసిందట.

ఇప్పుడు రోజూ పొద్దున్న ఇంజను చప్పుడు మొదలయ్యే ముందు ఆమె సంచి తెచ్చి కుప్ప మీద బోర్లిస్తుంది. మేకులు, మూతలు నా బానెట్టు మీద ఖణఖణ పడతాయి. ఏడాది తిరిగి మొన్న దసరానాడు మేకులతో పాటు, కొత్త బండికి దిష్టి తీసిన కుంకుమ అంటిన బిళ్ళలు కూడా పడ్డాయి. అందరి ముందూ వంగి ఏరిందన్నమాట. మిగిలిన ఆ ఒక్క కంటితో నన్ను చూసింది.

"ఇంద, మెక్కు!" అంది.