కాయని చెట్ల మీద నా ముద్ర

నేను ఒక ముద్ర సుత్తిని. మేకులు కొట్టే సుత్తి అనుకుని లోకువ చేయకండి. నాకు ఒక వైపు గొడ్డలి వాదర, మరో వైపు ఉబ్బెత్తుగా ఒక అంకె ఉన్నాయి. వాదరతో బెరడు చెక్కి, ఆ తెల్లటి చోట అంకెతో ఒక్క దెబ్బ వేస్తే చెట్టు నరకడానికి సర్కారు అనుమతి దొరికినట్టే. ఛాతీ ఎత్తున ఒక ముద్ర, వేరు మొదట్లో ఒక ముద్ర. నరికాక మోడు మీద మిగిలిన ముద్ర చూసి, ఇది దొంగ నరుకుడు కాదని తేలుస్తారు.

నన్ను చేసిన కమ్మరి, అంకెను ఎదురు తిప్పి చెక్కాలన్న సంగతి మరిచి రెండు సుత్తులు పాడుచేశాడు. మూడోది నేను. తప్పు లేకుండా పుట్టానని చాలాకాలం గర్వపడ్డాను.

కొలిమి నుంచి బీటు గార్డు ఆశన్న నడుముకు చేరాను. ఆయన కాపలా కాసేది ఎర్రగట్టు కొండ మీది అడవి. గట్టు నిండా పొణికి చెట్లు. ఆ కర్ర ఎంత తేలికంటే, ఆరిన దుంగను చంకన పెట్టుకుని గట్టు దిగొచ్చు. ఉలికి ఎదురు చెప్పదు. కింద ఊళ్లో బొమ్మలు చెక్కే నకాషీ లింబయ్య ఇల్లు గడిచేది దానిమీదే. ఏటా పది చెట్లకు నేను ముద్ర వేయాలి, ఆయన కొట్టుకోవాలి.

ఏ పది అన్నది తేల్చుకోవడానికి మొదటి ఏడు ఇద్దరూ బండ మీద కూర్చున్నారు. ఇద్దరూ మంచివాళ్లే, చిక్కంతా అక్కడే వచ్చింది.

"కాయలు కాసేటియి ఇడిసిపెడదాం సారూ. ఇత్తులు రాలి పిల్లచెట్లు మొలుస్తయి. కాయనియే కొడత," అన్నాడు లింబయ్య.

"మంచి మాట. గొడ్డు చెట్లు ఉండి ఏం లాభం," అన్నాడు ఆశన్న.

నాకూ న్యాయంగానే తోచింది. పధ్నాలుగేళ్లు కాయని చెట్టు కోసం వెతికి మరీ ముద్ర వేశాను. తనిఖీకి వచ్చిన పెద్దసార్లు మోడు మోడుకూ వంగి చూసి, ముద్ర లేని మోడు ఒక్కటీ లేదని ఆశన్న భుజం తట్టి వెళ్లేవారు. పిల్లచెట్లు ఎందుకు మొలవడం లేదని మాత్రం ఎవరూ అడగలేదు. మోడు దగ్గర వంగినవాళ్లు తలెత్తి కొమ్మలు చూసిందీ లేదు.

పదిహేనో ఏడు గట్టు మీద ఎక్కడా కాయ కనబడలేదు. ఆశన్న ఒక పెద్ద చెట్టు కింద నిలబడి, ఇదీ కాయడం లేదని నన్ను పైకెత్తాడు. జిగురు ఏరుకుంటున్న భీంబాయి అడ్డం వచ్చింది. ఆ గట్టు మీదే పుట్టి పెరిగిన ముసలామె.

"గిది కాసే చెట్టే సారూ. నేనే ఏరిన కాయలు. పోతుచెట్లన్నీ కొట్టిస్తిరి, ఇంక కాయ యాడికెళ్లి వస్తది?"

"పోతుచెట్లేంది?"

"తాటిచెట్లల్ల పోతుతాడు లేదా? గిండ్ల గూడ గంతే. ఒకటి ఉత్త పూతే పూస్తది, ఒకటి కాయ కాస్తది. పూసేదాన్ని మీరు గొడ్డుదంటిరి."

"మరి ఇన్నేండ్లు చెప్పకపోతివి?"

"మీరు అడగకపోతిరి."

ఆశన్న నన్ను దించేశాడు. లింబయ్యకు కర్ర తెలుసు, ఆశన్నకు అంకె తెలుసు. పూత సంగతి తెలిసిన మనిషి రోజూ వాళ్ల పక్కనుంచే నడిచి వెళ్లింది. ఆ క్షణాన నాకు నా మీదే అసహ్యం వేసింది.

పూత కాలం వచ్చాక ముగ్గురూ గట్టంతా గాలించారు. మూడో రోజు, వెనకవైపు లోయ అంచున ఒకే ఒక్క పోతుచెట్టు దొరికింది. నిండా పూత. వేరు మొదట్లో ఒకటి, ఛాతీ ఎత్తున ఒకటి, నా ముద్రలు. ఎనిమిదేళ్ల కింద ముద్ర పడినా, ఆ ఏడు లింబయ్యకు జ్వరం తగిలి తొమ్మిది చెట్లే కొట్టుకున్నాడు.

లింబయ్య భుజం మీది గొడ్డలి దించి దూరంగా పెట్టాడు. "గా జ్వరం ఇంకో ఏడు గూడ వస్తే బాగుండె," అన్నాడు.

సర్కారు ముద్ర చెరిపితే కొలువు పోతుంది. ఆశన్నకు అది తెలుసు. అయినా నా వాదరతోనే నా ముద్రలు రెండూ చెక్కేశాడు. నేను చేసిన మంచి పని అదొక్కటే.

ఇప్పుడు నేను అటవీ కార్యాలయంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద 'అటవీ సంరక్షణ పరికరం' అని చీటీ అంటించారు. పక్కన లింబయ్య చెక్కిన పొణికి చిలుక ఉంది. దాని అడుగున రంగు వేయకుండా వదిలిన చోట నా అంకె ఉంది. చిలుకను మెచ్చుకునే వాళ్లెవరూ తిప్పి చూడరు.

వయసు నిండి కొలువు నుంచి దిగిపోయిన ఆశన్న నిన్న వచ్చాడు. అద్దం మీద చెయ్యి ఆనించి, "ఈ యేడు ఏడు కాయలొచ్చినయి," అన్నాడు.

ఏడు కాయలు. నేను కొట్టించినవి నూట ముప్పై తొమ్మిది చెట్లు.