కుడికాలు ముందు

బీచిలో తడి ఇసుక మీద నడుస్తున్నాను, చేతికర్ర అడుగడుగునా దిగబడుతోంది, నా పక్కనే ఒక నవారు మంచం తన నాలుగు కాళ్ళ మీద తాపీగా నడిచి వస్తోంది, దాని మీద మామ్మగారు బాసింపట్టు వేసుకుని కూర్చుని నన్ను మింగేసేలా చూస్తున్నారు. మామ్మగారంటే మా ఆయన నాయనమ్మ, భాస్కరమ్మగారు. పోయి నెలన్నరయింది. ఆ సంగతి నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు, మంచం నడవడం మాత్రం ఇద్దరికీ వింతగా లేదు.

"ఇసకలోనా? ఉన్న ఆ ఒక్క కాలూ విరగ్గొట్టుకుందావనా?"

"మెత్తగా ఉంటుంది కదా అనీ, మామ్మగారూ."

"మెత్తగా కావాలంటే పరుపెక్కి గెంతు. ఇక్కడ నేలంతా సముద్రం వైపు వాలు. తుంటి పక్కకి లాగేస్తుంది. చదువుకున్నదానివి, ఆ మాత్రం తెలీదూ? నా మంచం నయం, నాలుక్కి నాలుగూ బాగున్నాయి."

బతికుండగా ఆవిడ నాతో ఇన్ని మాటలు ఆడలేదు. అసలు ఒక్క మాటా ఆడలేదు. పెళ్ళికి మూడు నెలల ముందు స్కూటీ మీంచి పడి నా కుడి తుంటి విరిగింది. ఆపరేషన్ అయ్యాక నడక నేర్పిన ఫిజియో అమ్మాయి నాచేత ఒకే సూత్రం బట్టీ పట్టించింది: మెట్టెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. అందుకే అత్తారింటి గుమ్మంలో, హారతి పళ్ళెం ఎదురుగా, అంతమందీ "కుడికాలమ్మా, కుడికాలు" అని అరుస్తుంటే నేను ఎడమకాలు పెట్టి ఎక్కాను. కిటికీ పక్క మంచం మీంచి చూసిన మామ్మగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఇరవయ్యో రోజున అలాగే పోయారు.

ఇసుక ఎప్పుడు మట్టిదారి అయిందో తెలియదు, ఇప్పుడు పార్కులో ఉన్నాం, చెట్ల మధ్య నుంచి అలల చప్పుడు ఇంకా వినిపిస్తోంది, దూరంగా మా ఆయన శ్రీకర్ పెళ్ళిపంచె కట్టుకుని, ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి ఎన్ని అడుగులో పైకే లెక్కపెడుతూ నడుస్తున్నాడు. మెలకువలోనూ అంతే, మొన్న ఒక్కడే వెళ్ళి చూసొచ్చి, "సిమెంటు కాదు, మట్టి. ఎత్తుపల్లాల్లేవు. నూటపది అడుగులకో బల్ల, నీకెక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు" అని చెప్పాడు. నాకోసం బల్లలు లెక్కపెట్టిన మనిషి! ఆ పూటంతా నా కాళ్ళు నేలమీద లేవు.

"ఇకిలించింది చాలు," అంటున్నారు మామ్మగారు. "ఆ మూల కసరత్తులకని పెట్టిన నడుం తిప్పే చక్రం జోలికెళ్ళకు, కాలు ఊడి చేతికొస్తుంది. ఎడంకాలు పెట్టి నన్ను సాగనంపావు, ఇంకెవర్ని పంపిద్దామని?"

నాకూ ఒళ్ళు మండుతోంది. "గుమ్మంలో బోర్లా పడితే శుభమా మామ్మగారూ? కుడికాలు బరువు మోసేది కాదు. మీకు చెబుదామని వస్తే మీరు మొహం తిప్పుకున్నారు."

"చెప్పేదేవిటే నాకు? నాదీ తుంటే విరిగింది. రోజూ బయట నడవమన్నాడు డాక్టరు. మీ మావగారు 'మళ్ళీ పడతావే అమ్మా' అని మంచం దిగనిచ్చాడు కాదు. నాలుగేళ్ళు కిటికీ ఊచల్లోంచి వీధి చూశాను. నువ్వు ఎడంకాలితో వచ్చావని కాదే నా మంట. కర్ర పట్టుకుని నీ అంతట నువ్వు మెట్టెక్కొచ్చావని."

నేను కర్ర చెయ్యి మార్చుకుంటున్నాను.

"ఇప్పుడు మీ అత్త నిన్ను సోఫాకీ టీవీకీ మధ్య తిప్పుతోందిగా?"

"'పడిపోతావమ్మా, వద్దు' అంటున్నారండీ."

"నువ్వు సరేనన్నావు."

"కొత్తకోడల్ని కదా, ఎదురెలా చెప్పను?"

"ఓయబ్బో! అంతమంది మాటా తోసేసి ఎడంకాలు పెట్టినప్పుడు పాతకోడలివా?"

చెట్లు దగ్గరకి జరిగి ద్వారబంధమవుతున్నాయి, మేం ఇంట్లోనే ఉన్నాం, గుమ్మం అవతల రెండు మెట్లు, ఆ కింద ఎండపడిన వీధి, మామ్మగారి మంచం గుమ్మంలో పట్టక అడ్డంగా ఇరుక్కుని గింజుకుంటోంది, ఆవిడ కర్రలాంటి చేత్తో నా వీపు మీద పొడుస్తున్నారు.

"దిగు."

"ఏ కాలు ముందు, మామ్మగారూ?"

"ఆ నడకల పిల్ల ఏవంది?"

"దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు."

"అదేది?"

"కుడిది."

ఆవిడ నవ్వడం లేదు. కళ్ళింకా నిప్పుల్లాగే ఉన్నాయి. "ఇన్నాళ్ళు పట్టింది మహాతల్లికి. లోపలికి నీ ఇష్టమొచ్చినట్టు తగలడ్డావు, బయటికన్నా నా పద్ధతిలో వెళ్ళు. మంచం మీద కనిపించావంటే ఊరుకోను. ఫో!"

కళ్ళు తెరిచాను. తెల్లవారింది. శ్రీకర్ నోరు కొంచెం తెరిచి, ఎంతో బుద్ధిమంతుడిలా నిద్రపోతున్నాడు. వంటింట్లో గిన్నెల చప్పుడవుతోంది.

"అత్తయ్యగారూ," అన్నాను, గొంతు నాదేనా అనిపించేంత గట్టిగా. "మేం పార్కుకి వెళ్ళొస్తామండీ."

గిన్నెల చప్పుడు ఆగింది. లేవబోతూ కిందికి చూసుకున్నాను. ఎడమకాలు దుప్పట్లోనే వెచ్చగా ఉంది. కుడికాలు ఒక్కటే ఎప్పుడు మంచం దిగిందో, చల్లటి గచ్చు మీద అయిదు వేళ్ళూ ఆనించి ఉంది.