ఎడమ పక్క కాపలా

ఆ ఏడాది ఆల్డర్ క్రీక్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో నేనూ ఉన్నాను. కాలితో తన్నే ఆట కాదు, బంతిని చేత్తో విసురుతూ ఒకర్నొకరు పడదోసుకునే అమెరికా ఫుట్‌బాల్. ఆడింది తక్కువ, బెంచీ మీద కూర్చున్నది ఎక్కువ. అందుకే ఏది ఎలా జరిగిందో తీరిగ్గా చూడగలిగాను. చూడనివి తర్వాత కొన్ని రోలండ్ చెప్పాడు, కొన్ని గ్యారెట్ చెప్పాడు.

మా కాన్ఫరెన్స్‌లో, అంటే ఏటా మాలో మేం పోటీపడే గుంపులో, ఎనిమిది కాలేజీలు. అన్నీ చిన్నవే, నెబ్రాస్కా, కాన్సస్‌ల మొక్కజొన్న చేల మధ్య విసిరేసినట్టుండే ఊళ్లవి. చలికాలం ముదిరేదాకా ప్రతి శనివారం మధ్యాహ్నం ఒకరి ఊరికొకరు బస్సుల్లో వెళ్లి ఆడుకుంటారు. అందరికన్నా ఎక్కువ గెలిచినవాళ్లది కాన్ఫరెన్స్. మా కాలేజీ దాన్ని చివరిసారి గెలిచినప్పుడు మా కోచ్ డ్రిస్కల్ ఇంకా జుట్టున్న కుర్రాడు. ఈసారి గెలుస్తామని మేమంతా నమ్మడానికి కారణం గ్యారెట్ ఎల్స్‌వర్త్.

గ్యారెట్ ఒమాహా నుంచి వచ్చాడు. లాయరు గారి అబ్బాయి. బంతి విసిరేది అతనే. అతను విసిరితే బంతి ఎవరికి అందాలో వాళ్ల గుండెల మీదకే వచ్చి వాలేది. నోరు మాత్రం కత్తి. కుడిచేత్తో బంతి ఎత్తేసరికి అతనికి ఎడమ పక్క కనిపించదు. అటునుంచి దూసుకొచ్చేవాణ్ని ఆపడమే రోలండ్ కుచెరా పని. రోలండ్ తలుపంత మనిషి, మాట తక్కువ. వాళ్ల నాన్న ఎమిల్ మా ఊరి బయట పందులు పెంచేవాడు. ఆ ఏడాది వసంతంలో బ్యాంకువాళ్లు దొడ్డినీ పొలాన్నీ వేలం వేశారు. చుట్టుపక్కల రైతులంతా వచ్చి, ఎమిల్ మొహంలోకి చూడలేక నేల చూపులు చూస్తూ పాట పాడి, పందుల్ని తోలుకుపోయారు. ఎమిల్ ఇప్పుడు ధాన్యం గిడ్డంగిలో కూలికి వెళ్తున్నాడు. ఈ సంగతి రోలండ్ కాలేజీలో ఎవరికీ చెప్పలేదు.

కాన్ఫరెన్స్‌లో మొదటి ఆట బెల్లమీ కాలేజీతో. ఓడిపోయాం. మర్నాడు ఆదివారం, చర్చి అయ్యాక, అందరం గదిలో కూర్చుని ఆట ఫిల్ము చూస్తున్నాం. ఒకచోట బెల్లమీవాడు రోలండ్‌ను తప్పించుకుని వెళ్లి గ్యారెట్‌ను పడేశాడు. గ్యారెట్ లేచి, ఫిల్మును వెనక్కి తిప్పించాడు. మళ్లీ తిప్పించాడు. రోలండ్ బోర్లా పడడం, లేవడం, మళ్లీ బోర్లా పడడం.

"రోలీ మామా, మీ నాన్న కూడా పందుల్ని ఇలాగే కాస్తాడా? దొడ్డి తలుపు తీసేసి, వెళ్లండి బాబూ అని పక్కకి తప్పుకుంటాడా?" అన్నాడు.

గదంతా నవ్వింది. రోలండ్ తన చేతుల కేసి చూసుకుంటూ కూర్చున్నాడు. వేలం సంగతి గ్యారెట్‌కు తెలియదు. తెలియదని రోలండ్‌కూ తెలుసు. కానీ ఆ వారమంతా అతనికి కనిపించింది ఒకటే, ట్రక్కు ఎక్కుతున్న పందుల్ని చూస్తూ కంచె పట్టుకుని నిలబడ్డ నాన్న.

తర్వాతి శనివారం ఆట మా మైదానంలోనే. పొద్దుట సన్నగా జల్లు పడి ఆగింది. ఆట నాలుగు భాగాల్లో మూడోది అయ్యేసరికి మేం బాగా ముందున్నాం. గ్యారెట్ ఆ రోజు అద్భుతంగా ఆడుతున్నాడు. రోలండ్ పక్కనుంచి ఒక్కడూ లోపలికి రాలేదు. అప్పుడు గ్యారెట్ వరసలోకి వచ్చి నిలబడుతూ, వెనకనుంచి రోలండ్ నడుము మీద తట్టి, "తలుపు జాగ్రత్త మామా," అన్నాడు. సరదాగానే అన్నాడు.

బంతి కదిలింది. ఎదుటివాడు బయటి పక్కనుంచి వచ్చాడు. రోలండ్ కాలు వెయ్యాల్సిన చోట వెయ్యలేదు. అరడుగు ఆలస్యంగా, అరడుగు లోపలికి వేశాడు. గ్యారెట్ ఒక్కసారి కింద పడితే చాలు, ఒక్కసారి బురద వాడి నోట్లోకి పోతే చాలు, అనుకున్నాడు. అంతకుమించి అతను ఏమీ కోరుకోలేదు. ఆ మాట నాతో చాలాసార్లు అన్నాడు.

ఎదుటివాడు పరుగున వచ్చి గ్యారెట్ వెనకనుంచి కాళ్ల మీద పడ్డాడు. గ్యారెట్ కుడికాలు నేలలో దిగబడి ఉంది. మోకాలు పక్కకి వంగింది. ఆ చప్పుడు బెంచీ దాకా వినిపించింది. అందరికన్నా దగ్గరగా విన్నది రోలండ్. గ్యారెట్ అరవలేదు. ఊపిరాడనట్టు నోరు తెరిచి ఆకాశంలోకి చూస్తూ పడుకున్నాడు. స్ట్రెచర్ మీద తీసుకెళ్తుంటే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఫిల్ము చూసే రోజున కోచ్ ఆ ఘట్టాన్ని మా ఎవరికీ చూపించలేదు. రోలండ్‌ను తన గదికి పిలిచి, తలుపు మూసి, ఫిల్ము డబ్బా మీద చెయ్యి పెట్టి అడిగాడు.

"గడ్డి తడిగా ఉంది. కాలు జారింది. అంతేగా?"

నిజం రోలండ్ నోటిదాకా వచ్చింది. కోచ్ అతని మొహం చూడడం లేదు, డబ్బానే చూస్తున్నాడు. "అవును కోచ్," అన్నాడు రోలండ్.

"సరే, పో. ఇక బంతి విసిరేది మాలిక్. వాడికి కొత్త. వాణ్ని జాగ్రత్తగా చూసుకో."

ఆ బుధవారం రోలండ్ పికప్ ట్రక్కు వేసుకుని ఆసుపత్రికి వెళ్లాడు, అంతా చెప్పేద్దామనే. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు. గదిలో గ్యారెట్ కాలు తుంటి నుంచి మడమ దాకా కట్టుతో పైకి వేలాడదీసి ఉంది. రెండు ఆపరేషన్లు కావాలట, ఇక ఆట మాట మరిచిపొమ్మన్నారట. వాళ్లమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. రోలండ్‌ను చూసి లేచి, కుర్చీ ఇచ్చి, కాఫీ తెస్తానని బయటికి వెళ్లింది.

రోలండ్ నోరు తెరిచేలోపే గ్యారెట్ అందుకున్నాడు. "మీ నాన్న సంగతి మొన్న ఎవరో చెప్పారు రా. నాకు తెలీదు. తెలిస్తే అనేవాణ్ని కాదు. ఇక్కడ పడుకుని అదే ఆలోచిస్తున్నా. క్షమించు."

రోలండ్ కుర్చీ అంచు మీద కూర్చున్నాడు.

"ఇంకోటి," అన్నాడు గ్యారెట్. "నీ కాలు జారిందని కోచ్ చెప్పాడు. నువ్వేం మనసులో పెట్టుకోకు. బంతి ఎప్పుడో విసిరెయ్యాల్సింది. నేనే ఎక్కువసేపు పట్టుకున్నా. జనం చూస్తున్నారు కదాని షోకు."

గ్యారెట్ వాళ్లమ్మ కాఫీ తెచ్చింది. ఇంతదూరం వచ్చినందుకు రోలండ్ చెయ్యి పట్టుకుని థ్యాంక్స్ చెప్పింది. అతను కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, వచ్చేశాడు.

ఇక అక్కణ్నుంచి మేం ఓడలేదు. మాలిక్ టిబ్స్ సన్నగా, భయంభయంగా ఉండే కుర్రాడు. సెయింట్ లూయిస్ నుంచి చదువుకోడానికి వచ్చాడు, ఆడే అవకాశం వస్తుందని అనుకోలేదు. మొదటి ఆట కష్టం మీద గెలిచాం. రెండోది కొంచెం తేలిగ్గా. మూడోదానికల్లా మాలిక్ నవ్వుతూ ఆడుతున్నాడు. గ్యారెట్ చంకకర్రల మీద మైదానం అంచున నిలబడి, వాడు బయటికి వచ్చినప్పుడల్లా చెవిలో ఏదో చెప్పేవాడు. ఆ పొగరంతా ఎటు పోయిందోనని మేమే ఆశ్చర్యపోయాం.

మాలిక్‌ను ఎడమ పక్కనుంచి ఒక్కడు ముట్టుకోలేదు. రోలండ్ ఆట చూసినవాళ్లు దాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. తనకన్నా బరువైనవాళ్లను ఎత్తి అవతల పడేసేవాడు. ఊళ్లో కాఫీ హోటల్లో ముసలివాళ్లు అతని వీపు తట్టేవాళ్లు, బేకరీ ఆవిడ కొలాచీలు, జామ్ పెట్టిన తీపి బన్నులు, ఊరికే పెట్టేది. ప్రతి మెచ్చుకోలూ అతనికి చెంపదెబ్బలా తగిలేది. ఈ బలం ఆ రోజు కూడా ఉంది కదా అన్నది అతనికొక్కడికే తెలుసు. తిండి తగ్గించేశాడు. మేం పార్టీలకు పిలిస్తే వచ్చేవాడు కాదు. గెలుపు బాధ్యత మీద వేసుకున్నాడని మేం అనుకున్నాం.

ఆఖరి ఆట రోజున మంచు పలచగా పడుతోంది. బెల్లమీ అప్పటికి రెండు ఆటలు ఓడి ఉంది, మేం ఒకటే, కాబట్టి గెలిస్తే కాన్ఫరెన్స్ మాది. గెలిచాం. జనం కంచె దూకి మైదానంలోకి వచ్చేశారు. మాలిక్ బంతిని తీసుకెళ్లి గ్యారెట్ చేతిలో పెట్టాడు. గ్యారెట్ చంకకర్రలు వదిలేసి దాన్ని రెండు చేతులతో పట్టుకోబోయి తూలితే, నలుగురు పట్టుకున్నారు. రోలండ్ ఆ నలుగురిలో లేడు.

ఎమిల్ జనంలోంచి దారి చేసుకుంటూ కొడుకు దగ్గరికి వచ్చాడు. పొడుగ్గా ఉన్న కొడుకు మెడ కిందికి వంచి, నుదురు నుదురుకు ఆనించాడు.

"ఈ ఏడాది మనకి జరిగిన మంచి ఇదొక్కటే రా," అన్నాడు. "నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్నో."

రోలండ్ నాన్నను పట్టుకుని ఏడ్చాడు. చుట్టూ చాలామంది ఏడుస్తున్నారు కాబట్టి ఎవరికీ వింతగా అనిపించలేదు.

సోమవారం కాన్ఫరెన్స్ వాళ్లు ఆ ఏటి ఉత్తమ ఆటగాళ్ల పేర్లు ప్రకటించారు. అందులో రోలండ్ పేరుంది. కోచ్ చెప్పగానే అందరం బల్లలు చరిచాం. రోలండ్ లేచి సరాసరి హాస్టల్లో గ్యారెట్ గదికి వెళ్లాడు. గ్యారెట్ మంచం మీద కాలు చాపుకుని చదువుకుంటున్నాడు. రోలండ్ తలుపు దగ్గరే నిలబడి, కూర్చోకుండా, మొత్తం చెప్పాడు. దొడ్డి జోకు దగ్గర మొదలుపెట్టి అరడుగు దాకా. కాలు జారలేదని చెప్పాడు. కావాలనే అని చెప్పాడు.

గ్యారెట్ పుస్తకం మూశాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

"ఆసుపత్రికి వచ్చినప్పుడు నేనేం చెప్పానో గుర్తుందా? తప్పు నాదే, బంతి పట్టుకు కూర్చున్నానని?"

"గుర్తుంది."

"అప్పట్నుంచి కళ్లు మూస్తే అదే రా నాకు. ఇంకొంచెం ముందు విసిరుంటే, ఇంకొంచెం ముందు విసిరుంటే అని. మా అమ్మకీ అదే చెప్పా, నా పొగరే నన్ను కుంటివాణ్ని చేసిందని. నువ్వు అదంతా విని, కాఫీ తాగి వెళ్లావు."

రోలండ్ తల దించుకున్నాడు. కాలు విరగ్గొట్టడం ఒక తప్పనే ఇన్నాళ్లూ అనుకున్నాడు. రెండోది ఉందని, అది మొదటిదానికన్నా పెద్దదని అప్పుడే తెలిసింది.

"నన్ను కొట్టు," అన్నాడు.

"లేచి నిలబడలేను కదరా," అన్నాడు గ్యారెట్. గొంతులో జోకు లేదు. "పో ఇక్కణ్నుంచి."

రోలండ్ అక్కణ్నుంచి కోచ్ దగ్గరికి వెళ్లి, తన పేరు తీసేయమని అడిగి, ఎందుకో చెప్పాడు. కోచ్ డ్రిస్కల్ ఆశ్చర్యపోలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టి, దాని అంచు నిమురుతూ కూర్చున్నాడు. ఆ డబ్బాలో ఏముందో తను ఆదివారమే చూశానని, ముందింకా సీజనంతా ఉందని, రోలండ్ లేకపోతే మాలిక్ కాలు కూడా పోతుందని భయపడ్డానని, అదే అసలు కారణమో కాదో ఇప్పుడు తనకే తెలియదని చెప్పాడు. పేరు తీయించాడు. జట్టుకు కారణం చెప్పింది మాత్రం రోలండే, మా అందరి ముందూ నిలబడి. కొందరు అతనితో మాట్లాడడం మానేశారు. మాలిక్ లేచి బయటికి వెళ్లిపోయాడు. ఎమిల్‌కు కూడా అతనే చెప్పాడు. ఎమిల్ ఏమన్నాడో రోలండ్ నాకెప్పుడూ చెప్పలేదు.

డిసెంబరులో ఒక పొద్దుట రోలండ్ గది తలుపు చప్పుడైంది. చంకకర్రల మీద గ్యారెట్.

"మోకాలు వంగడానికి వ్యాయామం చేయించాలట. ఆసుపత్రికి వారంలో మూడుసార్లు పోవాలి. నా కుడికాలు, కారు నడపలేను. నీకు పికప్ ఉంది," అన్నాడు. కాస్త ఆగి, "నిన్ను క్షమించానని కాదు," అన్నాడు.

"తెలుసు," అన్నాడు రోలండ్, కోటు తగిలించుకుంటూ.

చలికాలమంతా అలా వెళ్లొచ్చారు. దారిలో రేడియోలో ధాన్యం ధరలు, వాతావరణం. మాటల్లేవు. గ్యారెట్ లోపల ఉన్నంతసేపూ రోలండ్ ట్రక్కులోనే కూర్చునేవాడు. ఫిబ్రవరిలో ఒకరోజు నర్సు బయటికి వచ్చి అతన్ని లోపలికి రమ్మంది. మోకాలు అనుకున్నంత వంగడం లేదు, వారానికి మూడుసార్లు చాలదు, హాస్టల్లో రోజూ ఎవరో ఒకరు పట్టి వంచాలి, బలమైన చేతులు కావాలి అని చెప్పింది. గ్యారెట్ బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాడు. రోలండ్ వైపు చూడలేదు.

నర్సు చూపించింది. ఒక చెయ్యి తొడ మీద, ఇంకో చెయ్యి మడమ దగ్గర. మెల్లగా, ఆపకుండా నొక్కాలి. నొప్పిగా ఉంటుంది, ఉండాలి కూడా, అంది. రోలండ్ అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. మచ్చ మోకాలు చుట్టూ పాకి ఉంది, ఇంకా ఎర్రగానే. పట్టుకున్నాడు. నొక్కాడు. గ్యారెట్ పళ్లు బిగించాడు, వీపంతా చెమట పట్టింది. రోలండ్ ఆగిపోయాడు.

"ఎందుకాపావ్?" అన్నాడు గ్యారెట్, మొహం బల్లలో దాచుకుని.

రోలండ్ మళ్లీ నొక్కాడు. అతని కళ్లు మసకబారాయి, పట్టు మాత్రం వదల్లేదు.

"ఇంకొంచెం," అన్నాడు గ్యారెట్.