నేను కలిపిన అంకె

ఆకాశం ఒక్కటే, చేసినవాడూ ఒక్కడే. మరి అది విస్తరించే వేగం ఇద్దరు కొలిస్తే రెండు రకాలుగా ఎందుకు తేలుతుంది? ఏళ్ల తరబడి నన్ను వదలని సందేహమిది. మావారు పేలిపోయే నక్షత్రాలను చూసి కొలుస్తారు. మా ఆడపడుచు భర్త, నాకు అన్నయ్యగారు, సృష్టి తొలినాటి వెలుగును చూసి కొలుస్తారు. మావారి అంకె ఎప్పుడూ పెద్దది. ఓడినవాడు తన చేత్తో టీ కాచి ఇవ్వాలని మా పెళ్లయిన కొత్తలోనే పందెం వేసుకున్నారు.

చివరికి ఇద్దరూ కలిసి మూడో దారిలో కొలవడం మొదలుపెట్టారు. తమకు కావలసిన జవాబు వైపు లెక్క తెలియకుండానే ఒరుగుతుందని వాళ్లకో భయం. అందుకే బయటి మనిషి ఎవరో జవాబులో ఒక రహస్య సంఖ్య కలుపుతారు. తనిఖీలన్నీ ముగిశాకే దాన్ని తీసేస్తారు. ఆపైన ఏది తేలినా మార్చకుండా ప్రకటించాల్సిందే.

ఆ బయటి మనిషిని నేనే.

"నీకు తోచిన అంకె కొట్టు. ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకు" అని మావారు కంప్యూటర్ నా ముందు పెట్టి బయటికి వెళ్లారు. దేవుడి కొలతలో అబద్ధం కలపడానికి నాకు చెయ్యి రాలేదు. సున్న కొట్టాను.

అప్పటినుంచి ఇల్లే బోనయింది. కొలత పెద్దదని తేలితే తన జీవితకాలపు శ్రమ నిలుస్తుందని ఆయన ఆశ. అన్నం ముందు కూర్చుని, "తెర మీద బావ అంకే కనిపిస్తోందే! భలే కలిపావు" అని నవ్వేవారు. చెబితే మాట తప్పినట్టు, చెప్పకపోతే కట్టుకున్నవాణ్ణి మోసం చేసినట్టు. అడకత్తెరలో పోకచెక్కనయ్యాను. దణ్ణం పెట్టుకుంటున్నా మూసిన కళ్లలో ఆ సున్నే.

జవాబు తెరిచే రోజు నన్నూ పిలిచారు. కిటికీల్లేని గది. తలుపు మూశారు.

"చెల్లెమ్మా, ఇక నోరు విప్పు" అన్నారు అన్నయ్యగారు.

"సున్న."

"సున్న తర్వాత?"

"అంతే అన్నయ్యగారూ. ఒట్టి సున్న."

ఆయన నవ్వబోయి, మావారి ముఖం చూసి ఆగిపోయారు. తెర మీది అంకె కదల్లేదు.

"ఇన్నాళ్లూ నిజాన్ని చూసే నవ్వానా? ఏమే, ఒక్క ముక్క..."

"ప్రాణం పోయినా చెప్పొద్దన్నారుగా!"

"ఇది ఒక్క కొలతేరా బావమరిదీ" అన్నారు అన్నయ్యగారు మెల్లగా. "తేడా నీ నక్షత్రాలదో, అసలు మనకు తెలియనిది ఆకాశంలో ఇంకేమైనా ఉందో, ఇంకా తేలలేదు."

"అది తేలినప్పుడు చూద్దాం. పందెం పందెమే బావా."

మావారు తలుపు తీసుకుని పక్కనున్న చిన్న వంటగదిలోకి వెళ్లారు. కాసేపటికి కేక వినిపించింది. "ఏమే, పొడి ముందా, పాలు ముందా?"

"నీళ్లు ముందు!"

మసిబట్టతో గిన్నె పట్టుకుని వచ్చి, మొదటి కప్పు బావకు పోసిచ్చారు. అన్నయ్యగారు ఒక గుక్క తాగి ముఖం చిట్లించారు. అయినా కప్పంతా ఖాళీ చేశారు.